పదకొండు నలభై రెండు, ఆరు సెకన్లు

మా సెకన్ల మావయ్య నోరు విప్పితే ముందు టైము వస్తుంది, ఆ వెనక మాట వస్తుంది. "పొద్దున ఆరు గంటల పధ్నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకి లేచానురా" అంటాడు. ఎవరూ అడగరు. అయినా చెబుతాడు. చేతిగడియారం ఆయనకి ప్రాణం, స్నానానికి కూడా విప్పడు.

ఆ రోజు తెల్లారినప్పటి నుంచి వాన. రిపేరు షాపు ఎదురుగా ఉన్న టీ కొట్టులో, రేకుల కింద, ఒకే బల్ల మీద నలుగురం ఇరుక్కుని కూచున్నాం. నేను సర్వే బండి డ్రైవర్ని. నా పక్కన మాకు ఇనప కడ్డీలు చేసిచ్చే వెల్డరు. మధ్యలో మావయ్య. ఆ చివర మావయ్య వియ్యంకుడు. మావయ్య కూతుర్ని ఆయన కొడుక్కిచ్చారు. ఇద్దరిదీ ఒకే సర్వేలో పని, ఇద్దరూ 'బావగారూ' అంటే 'బావగారూ' అనుకుంటారు.

వియ్యంకుడికి మాట తక్కువ. టీ గ్లాసు కుడిచేత్తో పట్టుకుని ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుంటాడు. ఏడాదిగా ఆ చేతిలో రెండు వేళ్లకి స్పర్శ లేదు. నరాల జబ్బేమో, మెల్లగా పైకి పాకుతుందేమో చూడాలి అన్నారు ఆస్పత్రిలో. అప్పట్నించీ చొక్కా జేబులో ఒక పిన్నీసు పెట్టుకుని, రోజూ మణికట్టు మీద గుచ్చుకుని చూసుకుంటాడు, ఎక్కడిదాకా వచ్చిందో అని. మనవరాలిని ఎత్తుకోవడం మానేశాడు. ఒకసారి చేతిలోంచి జారబోయింది, అప్పట్నించి ఎత్తుకోలేదు. చొక్కా బొత్తాలు కోడలే పెడుతుంది.

మేం నలుగురం ఎదురుచూస్తున్నది ఒక పెట్టె కోసం. అది బాగై వస్తే మర్నాడు పనిలోకి వెళ్తాం. టీ కొట్టావిడ ఊరుకోలేక అడిగింది, "ఏంటన్నయ్యా ఆ పెట్టె, పొద్దున్నుంచి కాపలా కాస్తున్నారు?"

అడగడమే ఆలస్యం. మావయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే అరగంటకి తక్కువ ఉండదన్నట్టు వెల్డరు నా వైపు చూశాడు.

"చెల్లమ్మా, ముందు పని అర్థం చేసుకో. భూమి లోపల నీళ్లున్నాయా, ఖనిజం ఉందా అని తవ్వకుండా చూడటం మా పని. నేల్లో రెండు కడ్డీలు దిగ్గొడతాం, జనరేటరు పెట్టి, ట్రాన్స్‌మిటరుతో ఆ కడ్డీల్లోకి ఎనిమిది వందల వోల్టుల కరెంటు వదుల్తాం. రెండు సెకన్లు వదలాలి, రెండు సెకన్లు ఆపాలి, మళ్లీ వదలాలి, మళ్లీ ఆపాలి, పొద్దుగూకేదాకా అంతే. మూడు కిలోమీటర్ల అవతల ఇంకో జట్టు కూచుని, భూమి ఏం బదులిస్తోందో మిషన్‌తో వింటుంది. మేం ఎప్పుడు వదిలాం, ఎప్పుడు ఆపాం అన్నది వాళ్లకి సెకనులో లక్షోవంతు తేడా లేకుండా తెలియాలి. ఇద్దరు రంపం లాగేటప్పుడు ఒకడు లాగితే రెండోవాడు వదలాలి చూడు, అట్లా. అందుకని ఇక్కడో కంట్రోలర్ పెట్టె, అక్కడో పెట్టె. రెండూ ఆకాశంలో శాటిలైట్లని చూసి టైము కలుపుకుంటాయి. పెట్టె మీద పచ్చలైటు వెలుగుతుంటే శాటిలైట్లు అందుతున్నట్టు. ఆరిందా, పెట్టె చచ్చినట్టు."

"అంటే కరెంటు వదిలే పెట్టె."

"వదిలేది ట్రాన్స్‌మిటరు. ఎప్పుడు వదలాలో చెప్పేది పెట్టె. మీ ఇంట్లో పని చేసేది మీ ఆయన, ఎప్పుడు చెయ్యాలో చెప్పేది నువ్వు, అట్లా."

"మా ఆయన పని చెయ్యడం నువ్వెక్కడ చూశావన్నయ్యా" అందావిడ, గిన్నె కడుగుతూ.

"సరే విను. పోయిన ఎండాకాలం. తొమ్మిది గంటల పది నిమిషాలకి మొదలుపెట్టాం. ఈ డ్రైవరు నీళ్ల డబ్బాలకి ఊళ్లోకి పోయాడు. పెట్టె దగ్గర నేనొక్కణ్ణే. కిలోమీటరు అవతల కడ్డీల దగ్గర మా బావగారు. పదకొండు గంటల ఐదు నిమిషాల పన్నెండు సెకన్లకి టప్పున పచ్చలైటు ఆరింది. ఇంకొకడైతే ఏం చేస్తాడు? పని ఆపండి అని సామాను సర్దుకుని ఇంటికి పోతాడు. నేనేం చేశానో తెలుసా?"

"పడుకున్నావు" అన్నాడు వెల్డరు.

"నీలాంటివాళ్లు పడుకుంటారు. నేను ముందు బావగారికి రేడియోలో చెప్పా. బావగారూ, పెట్టె చచ్చింది, కరెంటు లేదు, ఖాళీగా ఉండటమెందుకు, కడ్డీల మొదట్లో నేల ఎండిపోయుంటుంది, చెరువు దాకా వెళ్లి నీళ్లు తెచ్చి, ఉప్పు కలిపి కాసిని పోసి రండి అని. నేల తడిగా ఉంటే కరెంటు బాగా దిగుతుంది చెల్లమ్మా, అందుకు. అలా చెప్పి, చెట్టు నీడన చాప పరిచి, మఠం వేసుకుని కూచుని, కుడిచేత్తో ఎడమచేతి నాడి పట్టుకున్నా. గడియారం వంక చూడలేదు. గడియారం తప్పొచ్చు, నా నాడి తప్పదు. నిమిషానికి అరవై. అరవై ఒకటి కొట్టదు, యాభై తొమ్మిది కొట్టదు. మా ఆవిణ్ణి మొదటిసారి చూసినప్పుడూ అరవయ్యే, మా అత్తగారిని మొదటిసారి చూసినప్పుడూ అరవయ్యే."

"అత్తగారిని చూసినప్పుడు ఆగలేదా?"

"ఆగబోయింది. నేనే పోనిచ్చా. సరే, నాడి పట్టుకుని నోటితో మొదలుపెట్టా. ఒకటి, రెండు, వదులు. ఒకటి, రెండు, ఆపు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ట్రాన్స్‌మిటరు మీద సూది లేచింది. ఆపు అంటే పడింది, వదులు అంటే లేచింది. చెయ్యి వెయ్యలేదు, ఒట్టు. జనరేటరు కూడా నా నోటికే మూలిగింది. వదులు అన్నప్పుడు బరువెత్తినట్టు హూఁ అంటుంది, ఆపు అన్నప్పుడు హాయిగా ఊపిరి వదుల్తుంది."

వెల్డరు తల అడ్డంగా ఊపాడు. "ముప్పై ఏళ్లుగా ఇనుముతో కాపురం చేస్తున్నాను. అది ఒక్కనాడు నా మాట విన్న పాపాన పోలేదు."

"నీకు లెక్క లేదురా, అందుకని వినదు. అవతలి జట్టు ఏమందో ఈ డ్రైవర్నడుగు. ఆ రోజు సిగ్నలు ఎట్లా ఉందన్నారు?"

నిజం చెప్పాలి కదా, చెప్పాను. "అద్దంలా ఉందన్నారు. ఆఖరి రెండు నిమిషాలు తప్ప ఒక్క మచ్చ లేదన్నారు." సాయంత్రం ఆ మాట నేనూ విన్నాను. మావయ్య తన నాడి సంగతి చెబితే వాళ్లు పకపకా నవ్వి వదిలేశారు. మేమూ నవ్వి వదిలేశాం. పెట్టె మీద 'చచ్చింది' అని కాగితం అంటించి అలమారలో పడేశాం. ఇన్నాళ్లూ మా దగ్గర అదనంగా ఉన్న ఇంకో పెట్టెతో లాక్కొచ్చాం, మొన్న అదీ పాడయ్యేసరికి ఈ పాతది రిపేరుకి వచ్చింది.

"విన్నావా చెల్లమ్మా, అద్దం. ఇది ఇక్కడితో ఆగితే నేను చెప్పేవాణ్ణే కాదు. పావుగంట గడిచింది. ఆకాశంలో శాటిలైట్లకి అనుమానం వచ్చింది. రోజూ మనల్ని టైమడిగే పెట్టె ఇవాళ అడగట్లేదే, అయినా కింద కరెంటు లెక్క తప్పకుండా పోతోందే, ఎవడు వీడు అని ఒక శాటిలైటు కిందికి వంగి చూసింది."

"వంగిందా?"

"నడుం దాకా. వంగి, తన టైమూ నా టైమూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది. తనే పావు సెకను వెనకుంది. సిగ్గుపడి దిద్దుకుంది. దాన్ని చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది, వరసపెట్టి వచ్చి నా దగ్గర టైము కలుపుకుని పోతున్నాయి. ఒకటి మాత్రం మొండిఘటం. కలుపుకోనంటుంది. దానితో నోరు తెరిచి చెప్పా, నువ్వు పుట్టి ఎన్నాళ్లయిందే, నేను పుట్టి ఎన్నాళ్లయింది, పెద్దవాడు చెబితే వినాలా వద్దా అని."

"విందా?"

"వినకేం చేస్తుంది, ఆకాశంలో ఒంటరిది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫోను మోగింది. శాటిలైట్లు నడిపే ఆఫీసు నుంచి పెద్దాఫీసరు. అయ్యా, ప్రపంచంలో విమానాలు, బ్యాంకులు, సెల్‌ఫోన్లు ఇప్పుడు మీ నాడి మీదే నడుస్తున్నాయి, మీకు దణ్ణం పెడతాం, కాస్త నిదానంగా కూచోండి, దగ్గొద్దు, నవ్వొద్దు, కోపం తెచ్చుకోవద్దు అని. సరిగ్గా అప్పుడే నాకు తుమ్ము."

టీ కొట్టావిడ చేతిలో గరిటె ఆగింది. "తుమ్మావా అన్నయ్యా?"

"ముక్కు పట్టుకున్నా. చెవులు మూసుకున్నా. కడుపు లోపలికి లాగా. అంతా ఆపా గానీ అర తుమ్ము జారిపోయింది. ఆ అర తుమ్ముకి పన్నెండు దేశాల్లో రైళ్లు అర సెకను ముందు బయల్దేరాయి. ఒకాయన పాపం ఒక కాలు రైల్లో, ఒక కాలు ప్లాట్‌ఫారం మీద పెట్టి అట్లాగే మిగిలిపోయాడు. నాకు ఉత్తరం కూడా రాశాడు."

"ఏ కాలితో రాశాడు?" అన్నాడు వెల్డరు. "ఉత్తరం చూపించు."

"నిన్న వానకి తడిసింది. నీకు చదువొచ్చా ఏంటి చూపించడానికి? విను, అసలు కథ ఇప్పుడు. రెండు సెకన్లు, రెండు సెకన్లు అని అరగంట అయ్యేసరికి భూమికి అలవాటైపోయింది. మనిషిలాగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. వదులు అంటే పొంగుతుంది, ఆపు అంటే దిగుతుంది. పక్కన ఒక మేక మేస్తోంది. అది గడ్డి కోసం వంగితే గడ్డి కిందికి పోతోంది, విసుగొచ్చి తలెత్తితే గడ్డి మూతి దగ్గరికొస్తోంది. నా వంక ఎంత దీనంగా చూసిందో. నేనేం చెయ్యను, డ్యూటీలో ఉన్నా."

వెల్డరుకి పొలమారింది. నేను వీపు చరిచాను. వియ్యంకుడు కూడా గ్లాసులోకి చూస్తూ కొంచెం నవ్వాడు. ఆయన నవ్వడం చూసి చాలా రోజులైంది.

అప్పటికే రిపేరు షాపమ్మాయి రోడ్డు దాటి వచ్చి మా వెనక నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయి, ఏ మిషనైనా విప్పి మళ్లీ బిగించగలదు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చంకలో పెట్టె. కథ పాడుచెయ్యడం ఇష్టం లేనట్టు ఊరుకుని వింటోంది, గొడుగు మూసి పెట్టె మీది తడిని కొంగుతో తుడుస్తోంది.

మావయ్య ఆమెని చూసి ఇంకా రెచ్చిపోయాడు. వినేవాళ్లు ఒకరు పెరిగారు కదా.

"రా అమ్మాయ్, నీ చేతిలో ఉన్న ఆ చచ్చిన పెట్టె బదులు నేనెట్లా పనిచేశానో విను. భూమి పొంగుతోందా, సరిగ్గా అప్పుడు మా బావగారు కడ్డీ దగ్గర ఉప్పునీళ్లు పోస్తున్నారు. నాకు కొంచెం ఉషారెక్కి 'వదులు' అని గట్టిగా అరిచా. అంతే. భూమి ఎగిసింది చూడు, మా బావగార్ని బంతిలా పైకి ఎగరేసింది. తాటిచెట్టంత ఎత్తు. నేను లెక్కపెట్టే రెండు సెకన్లూ ఆయన గాల్లోనే ఉన్నారు, చేతిలో డబ్బాతో సహా. ఆపు అన్నాకే కింద పెట్టింది. నీళ్లు ఒక్క చుక్క ఒలకలేదు. టైము పదకొండు గంటల నలభై రెండు నిమిషాల ఆరు సెకన్లు."

అందరం నవ్వాం. టీ కొట్టావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు భూమికి అవతలి వైపు తేలి..."

"ఏ టైమన్నారు మావయ్యగారూ?" అంది రిపేరు షాపమ్మాయి.

ఆమె తుడవడం ఆపేసింది. మావయ్య మళ్లీ చెప్పాడు, ఒక్కో ముక్కా నొక్కి. పదకొండు, నలభై రెండు, ఆరు.

"అది నాడి చూసి చెప్పారా, గడియారం చూసా?"

"నాడే నా గడియారం."

"తమాషాకి అడగట్లేదు. నిజంగా."

"గడియారం చూశానమ్మా. ఆ సెకను ముల్లు నా కళ్లారా చూశా. రోజూ పొద్దున ఆ పెట్టెతోనే కలుపుకునే గడియారం. ఎందుకు తప్పుతుంది?" అన్నాడు మావయ్య, మణికట్టు ముందుకు చాపి.

ఆమె పెట్టెని బల్ల మీద పెట్టింది. అరచెయ్యి తెరిచింది. అందులో బియ్యపు గింజంత లైటు ఉంది, నల్లగా మాడిపోయి. "ఈ పెట్టె చావలేదు మావయ్యగారూ. చచ్చింది ఈ లైటు ఒక్కటే. శాటిలైట్లు ఒక్క క్షణం కూడా పోలేదు. పెట్టె ట్రాన్స్‌మిటరుకి చెప్పాల్సింది చెబుతూనే ఉంది."

ముందు వెల్డరు ఘొల్లుమన్నాడు. "అంటే నువ్వు చెట్టుకింద వదులు ఆపు అని గొంతు చించుకుంటుంటే, పెట్టె తన పని తను చేసుకుంటోందా? కోడి కూయబట్టి తెల్లారిందన్నట్టు!" టీ కొట్టావిడ కూడా గట్టిగానే నవ్వింది. నేనూ నవ్వాను. మావయ్య కోతలకి ఇంతకన్నా మంచి దెబ్బ ఇన్నేళ్లలో ఎవరూ కొట్టలేదు. ఆయన మొహం ఎర్రబడింది.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. సంచిలోంచి మడత కాగితం తీసింది.

"ఈ పెట్టె కరెంటు వదిలిన ప్రతిసారీ ఎంత వెళ్లిందో తనలో రాసుకుంటుంది. బాగైందో లేదో చూద్దామని ఆఖరిరోజు లెక్క అచ్చుతీశాను. ఒక చోట నాకర్థం కాలేదు. అది మిమ్మల్నడుగుదామనే వచ్చాను. వినండి. తొమ్మిది పదికి మొదలు. పదకొండు నలభై ఒకటి దాకా కరెంటు ఒకే లాగా వెళ్లింది, ఎక్కడా ఆగలేదు. నలభై ఒకటికి మెల్లగా పెరగడం మొదలైంది. కడ్డీ మొదట్లో ఉప్పునీళ్లు పోస్తే అలా పెరుగుతుంది. కరెంటు పోతుండగా నీళ్లెవరు పోస్తారు, ఎవరూ పొయ్యరు కదా అనుకున్నాను. తర్వాత, నలభై రెండు నిమిషాల ఆరు సెకన్లకి, ఒక్కసారి ఎగిరింది. ఆ వెంటనే సగానికి పడిపోయింది, కడ్డీ ఒరిగిపోయినట్టు. నలభై నాలుగుకి ఎవరో జనరేటరు ఆపేశారు."

వెల్డరు నవ్వు ఆపి కాగితంలోకి తొంగి చూశాడు.

ఆ రోజు నేను నీళ్లతో తిరిగొచ్చేసరికి వియ్యంకుడు కడ్డీ పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. డబ్బా బోర్లాపడి ఉంది. కడ్డీ పక్కకి ఒరిగి ఉంది. మావయ్య ఆయన తల ఒళ్లో పెట్టుకుని, "జారిపడ్డారురా, రాయి తగిలినట్టుంది" అన్నాడు. నేనే బండిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఏమైందని డాక్టరడిగితే జారిపడ్డాడని నా నోటితో నేనే చెప్పాను. ఆయన మోచేతికి కట్టు కట్టి పంపాడు. కరెంటు అన్న మాట ఎవరి నోటా రాలేదు. పెట్టె చచ్చింది కదా, కరెంటు ఎక్కణ్ణించి వస్తుంది?

మా పనిలో ఒక నియమం ఉంది. కడ్డీ దగ్గరికి మనిషిని పంపే ముందు ట్రాన్స్‌మిటరు మీద ఎర్ర స్విచ్ లాగాలి. కరెంటు ఉన్నా లాగాలి, లేదనుకున్నా లాగాలి. లాగి, చేత్తో పట్టుకుని కూచుని, అప్పుడు రేడియోలో చెప్పాలి. మొదటిరోజే నేర్పుతారు.

"మావయ్యగారూ" అంది ఆ అమ్మాయి, గొంతు బాగా తగ్గించి. "మీరు వదులు అంటే సూది లేచిందన్నారు. ఆ సూది మీరు నిజంగా చూశారా?"

ఆ ప్రశ్న ఎలాంటిదో మావయ్యకి అర్థమైంది. నాకూ అర్థమైంది. చూశానంటే, కరెంటు పోతోందని తెలిసీ వియ్యంకుణ్ణి కడ్డీ దగ్గర వదిలేసినట్టు. చూడలేదంటే, ఆ సాయంత్రం నుంచి పెంచుకుంటూ వచ్చిన నాడి కథ ఉత్తదని ఒప్పుకున్నట్టు. నోరు పెట్టుకుని బతికే మనిషికి రెండోదీ చావులాంటిదే.

ఆయన బల్ల మీది పెట్టె వంక చూశాడు. అందులో కొత్త లైటు పచ్చగా వెలుగుతోంది.

"చూడలేదమ్మా" అన్నాడు. "పడుకున్నా."

వెల్డరు తల దించుకున్నాడు.

"నాడి లేదు, లెక్క లేదు. లైటు ఆరింది, పెట్టె పోయిందనుకున్నా, పడుకున్నా. ఎండకి కునుకు పట్టింది. రేడియోలో బావగారి కేక వినపడితే లేచా. లేవగానే అలవాటు కొద్దీ గడియారం చూశా. అదొక్కటే నిజం." ఆయన మణికట్టు మీది గడియారాన్ని అరచేత్తో కప్పుకున్నాడు. మళ్లీ అన్నాడు, "నిద్రలో జనరేటరు మూలుగు వినపడుతూనే ఉంది. రెండు సెకన్లు మూలగడం, రెండు సెకన్లు ఆగడం. ఆ మూలుగు చెవిలో ఉండబట్టే ఈ కథంతా అల్లాను. బరువు లేకపోతే అది మూలగదు. ముప్పై ఏళ్ల సర్వీసు నాది. అదెందుకు మూలుగుతోందని ఒక్కసారి అనుకోలేదు."

ఎవరం వియ్యంకుడి మొహం చూడలేకపోయాం. టీ కొట్టావిడ స్టవ్ తగ్గించింది.

ఆయన మెల్లగా చెయ్యి చాపి కాగితం అందుకున్నాడు. ఆ వరస ఎక్కడుందని అడిగితే అమ్మాయి వేలు పెట్టి చూపించింది. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"చేతి తొడుగులు తీసేశాను" అన్నాడు. "కరెంటు లేదన్నారు కదా అని. పనైందని చెబుదామని ఒక చేత్తో రేడియో నొక్కి, కడ్డీ గట్టిగా ఉందా లేదా అని ఈ చేత్తో పట్టుకుని కదిపాను. తర్వాతేం జరిగిందో గుర్తు లేదు. కేక పెట్టానని కూడా నాకు తెలియదు. ఆస్పత్రిలో ఒకసారి అనిపించింది, షాకేమోనని. కాదులే, బావగారు కరెంటు లేదన్నారు కదా అని ఊరుకున్నాను."

"బావగారూ" అన్నాడు మావయ్య.

వియ్యంకుడు ఆయన వైపు చూడకుండా ఆ అమ్మాయినడిగాడు. "అయితే ఇది జబ్బు కాదన్నమాట. పైకి పాకదన్నమాట."

"నేను డాక్టర్ని కాదు బాబాయ్. ఈ కాగితం తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి. అసలేం జరిగిందో ఇప్పుడైనా చెప్పండి."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అదే జేబులోంచి పిన్నీసు తీసి, ఒకసారి చూసి, ఖాళీ గ్లాసులో పడేశాడు. అది గ్లాసులో టింగుమన్న శబ్దానికి మావయ్య ఉలిక్కిపడ్డాడు.

ఆ ఏడాదంతా నా కళ్ల ముందు తిరిగింది. పిల్ల 'తాతా' అని చేతులు చాపితే ఈ తాత వెనక్కి జరగడం, ఆ తాత వచ్చి ఎత్తుకుని, మీ తాతకి చేతకాదులేవే అని నవ్వడం. నాకే ఏడుపొచ్చినంత పనైంది. మావయ్యకి ఇంకెట్లా ఉందో.

"బావగారూ" అన్నాడు వియ్యంకుడు. గొంతులో కోపం లేదు, అదే మరీ భయంగా ఉంది. "రేపు పెట్టె దగ్గర నేను కూచుంటాను. కడ్డీల దగ్గరికి మీరు వెళ్లండి."

"అలాగే బావగారూ."

"ఎర్ర స్విచ్ లాగారా అని అడగండి. నేను లాగానన్నా మళ్లీ అడగండి. పదిసార్లడిగినా నేనేమీ అనుకోను. నేను మిమ్మల్ని ఒక్కసారి కూడా అడగలేదు."

మావయ్య తలూపాడు. ఊపుతూనే మణికట్టు మీది గడియారం విప్పడం మొదలుపెట్టాడు. ఎన్నేళ్ల నుంచి అక్కడుందో, దాని కింద చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. "పెట్టె దగ్గర కూచునేవాళ్లకి ఇది కావాలి" అని ఇవ్వబోయాడు. వియ్యంకుడు ఎడమచెయ్యి చాపాడు. ఆ రెండు వేళ్లూ వంగలేదు. మావయ్యే ఆయన చేతిని తన మోకాలి మీద పెట్టుకుని, బెల్టు బిగించి, కొక్కెం పెట్టాడు.

వాన తగ్గుముఖం పట్టింది. నేను పెట్టె ఎత్తి బండిలో పెట్టడానికి లేచాను. ఇన్నేళ్లలో మొదటిసారి టీ కొట్టావిడ తనంతట తను అడిగింది. "టైమెంతయిందన్నయ్యా?"

మావయ్య ఖాళీ మణికట్టు వంక చూసుకున్నాడు.

"బావగారినడుగు చెల్లమ్మా" అన్నాడు.